పాత నాటకాల హాలు మళ్ళీ తెరవాలంటే: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళకి మొదట్నుంచి చివరిదాకా

ఒడిశాలో మన గంజాం, గజపతి జిల్లాల వైపు ఏ పాత ఊరు తీసుకున్నా ఒక మూతబడ్డ హాలు ఉంటాది. ముందు నాటకాల హాలు, 1932 తర్వాత తెలుగు టాకీలు వచ్చేక సినిమా హాలు, ఆ తర్వాత గోడౌను, ఆ తర్వాత పావురాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, అందుకే ఈ హాళ్ళ కట్టుబడి చూస్తే మద్రాసు వాసన కొడతాది, మద్దరాసు మిద్దె (వాసాల మీద ఇటుక, సున్నం వేసిన కప్పు), సున్నం గోడలు, టేకు దూలాలు. పర్లాకిమిడి రాజుగారి గజపతి ప్యాలెస్‌కి ప్లాను ఇచ్చిన చిషోల్మ్ దొరే మద్రాసులో విక్టోరియా పబ్లిక్ హాలు కూడా గీశాడు, 1891లో పుట్టిన సుగుణ విలాస సభ వాళ్ళు నాటకాలాడింది ఆ హాల్లోనే. ఇది ఎందుకు చెప్తున్నానంటే మన హాలు ఏదో మూల పడున్న పెంకుటిల్లు కాదు, దానికీ ఒక వంశం ఉంది అని.

నేను బరంపురంలో ఒక హాలు మళ్ళీ నిలబెట్టే పనిలో నాలుగేళ్ళు తిరిగాను, హాలు పేరు చెప్పను, ఓనరు కుటుంబానికి ఇష్టం లేదు. అందులో చేసిన తప్పులన్నీ ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా పర్లాకిమిడిలోనో, గుణుపూర్లోనో, రాయగడలోనో ఇదే పని మొదలెడితే మళ్ళీ ఆ గోతిలో పడకుండా.

రంగు కొనే ముందు రాత్రులు లెక్కపెట్టండి

అందరూ మొదట చేసేది మేస్త్రీని పిలవడం. మేమూ అదే చేశాం. తప్పు. మొదట కూర్చుని లెక్క వేసుకోవాల్సింది ఒక్కటే, ఏడాదిలో ఎన్ని రాత్రులు ఆ స్టేజీ మీద లైటు వెలుగుతాది అని. ఆ అంకె బట్టే ఎంత ఖర్చు పెట్టాలో, ఏసీ పెట్టాలా వద్దా, ఎన్ని కుర్చీలు వెయ్యాలో అన్నీ తేలతాయి.

ఒక ఉదాహరణ లెక్క, 300 సీట్ల హాలు అనుకోండి. వాచ్‌మెన్ 12,000, తుడిచే మనిషి 6,000, కరెంటు కనీస బిల్లు 8,000, వారానికి రెండ్రోజులు వచ్చే ఎలక్ట్రీషియన్ 8,000, ఇన్సూరెన్సు, రిపేర్లకని పక్కన పెట్టేది 11,000. నెలకి 45,000, హాలు మూసి ఉన్నా సరే. ఒక ప్రోగ్రాముకి అద్దె 4,000 తీసుకుంటే కరెంటు, క్లీనింగు పోను 3,000 మిగులుతాది, అంటే నెలకి 15 రాత్రులు అద్దెకి పోతే తప్ప గల్లాపెట్టె సరితూగదు. 15 రాత్రులు! మా ఊళ్ళో అన్ని నాటకాలెక్కడివి? అప్పుడు తెలిసింది మాకు, నాటకాలొక్కటే నమ్ముకుంటే అయ్యే పని కాదని. పొద్దున పూట కూచిపూడి, ఒడిస్సీ డాన్సు క్లాసులకి ఇచ్చాం, నెలకి 10,000 వస్తాది, అప్పుడు కావాల్సిన రాత్రులు పన్నెండుకి దిగేయి. సాయంత్రం సంగీతం క్లాసు, ఆదివారం పొద్దున పిల్లల చిత్రలేఖనం. ఇవి చిన్న చిన్నవే గానీ హాలుని బతికించేవి ఇవే.

ఈ లెక్క పుస్తకంలో రాసుకుని దగ్గర పెట్టుకోండి, తర్వాత ఎవరైనా "గోపురం పెడదాం, గేటుకి ఇత్తడి సింహాలు పెడదాం" అన్నప్పుడల్లా తీసి చూపించొచ్చు.

కాగితాలు

ఇది బోరు కొట్టే భాగం గానీ మా ఏడాదిన్నర ఇక్కడే పోయింది. జమీందారీ కాలంలో రాజావారో, కోమటి షావుకారో, ఏదో సమాజమో ఇచ్చిన జాగా అయ్యుంటాది, ఒడిశాలో ఎస్టేట్ల రద్దు చట్టం 1951లో వచ్చింది, ఆ తర్వాత ఆ జాగా ఎవరి పేర ఎక్కిందో చూడాలి. ఒడిశా భూముల రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్లో ఖాతా నంబరు కొట్టి హక్కుల రికార్డు తీయండి, కానీ అక్కడితో ఆగకండి, పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి, కొత్తవి ఒడియాలో, రెండూ చదవగలిగే పెద్దాయన ఒకరు మీ పక్కన ఉండాలి. మాకు 1920ల నాటి దస్తావేజు ఒకటి దొరికింది, అందులో "నాటక ప్రదర్శనముల నిమిత్తమై" అని ఉంది, ఆ ఒక్క మాట మాకు తర్వాత చాలా పనికొచ్చింది, వారసుల్లో ఒకాయన షాపింగ్ కాంప్లెక్సు కట్టుకుంటానని వచ్చినప్పుడు.

వారసులు పదిమంది ఉంటే పదిమంది సంతకాలూ కావాలి, తొమ్మిది చాలవు. కొనడం మన వల్ల కాదు కాబట్టి దీర్ఘకాలం లీజు తీసుకోండి, 11 నెలల కాగితం మీద మాత్రం ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి. మీరు కప్పు వేయించేక "మా హాలు మాకిచ్చేయండి" అంటారు, అలా జరిగినవి నాకు రెండు తెలుసు. 1860 సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరు చేయించండి, ఆదాయపు పన్ను శాఖ దగ్గర విరాళాల మినహాయింపు రిజిస్ట్రేషన్ (12ఏ, 80జీ అంటారు) కూడా తెచ్చుకుంటే విరాళం ఇచ్చేవాళ్ళకి పన్ను తగ్గుతాది, బొంబాయి, హైదరాబాదుల్లో ఉన్న మన బరంపురం పిల్లలు ఇచ్చే డబ్బంతా ఆ దారినే వస్తాది.

ఇంకో సంగతి, దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఏమన్నా ఉందేమో చూసుకోండి, 100 మీటర్ల లోపు అసలు కొత్త కట్టడం కుదరదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకునే చెయ్యాలి. పాత కట్టడాలు కాపాడే సంస్థ ఇన్‌టాక్ వాళ్ళతో మాట్లాడితే సున్నం పని తెలిసిన ఆర్కిటెక్టు దొరుకుతారు. ఫైర్ ఆఫీసు ఎన్‌ఓసీ, కార్పొరేషన్ లైసెన్సు ఇవన్నీ పని అయ్యేక అడుగుదాం అనుకోకండి, ప్లాను దశలోనే ఫైర్ ఆఫీసరుని పిలిచి హాలంతా తిప్పి చూపించండి, ఆయన అప్పుడు చెప్తే గోడలో తలుపు కోసుకోవచ్చు, తర్వాత చెప్తే కొత్త గోడ పగలగొట్టుకోవాలి.

నీళ్ళు ఎక్కడ్నించి వస్తున్నాయో కనిపెట్టండి

హాలు ముట్టుకోకుండా ఒక వానాకాలం మొత్తం చూడండి. నిజంగా చెప్తున్నా, జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి వెళ్ళి ఏ గోడ తడిసింది, ఎంత ఎత్తు దాకా తడిసింది అని సుద్దముక్కతో గీత గీసి తేదీ రాయండి. ఫోన్లో ఫోటో తియ్యండి. ఈ గీతలు చూస్తే కప్పునుంచి దిగే తడి ఏదో, నేలనుంచి పైకెక్కే తడి ఏదో ఇట్టే తెలిసిపోతాది.

మా హాలుకి నేల తడే పెద్ద రోగం. కారణం చూస్తే నవ్వొస్తాది, కట్టినప్పుడు మూడు మెట్లెక్కి హాల్లోకి వెళ్ళేవారు, ఇప్పుడు రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఒక్క మెట్టే మిగిలింది, పక్క సందులో అయితే రోడ్డే హాలు కన్నా ఎత్తు. వాననీళ్ళు పోడానికి దారి లేక గోడలోకే పోతున్నాయి. దాని మీద ఎప్పుడో ఎవరో లోపల నాలుగడుగుల ఎత్తు సిమెంటు ప్లాస్టరింగు కొట్టేశారు, తడి కనపడకూడదని. సున్నం గోడ ఊపిరి పీల్చుకుంటాది, తడి ఎండేటప్పుడు బయటికి వదిలేస్తాది, సిమెంటు కొడితే ఆ తడి బయటికి రాలేక సిమెంటు పైదాకా ఎక్కి అక్కడ ఉప్పు పొంగిస్తాది. అందుకే మన పాత ఇళ్ళలో సిమెంటు పట్టీ పైన తెల్లగా పొడిపొడిగా రాలతా ఉంటాది.

చేయాల్సింది: సిమెంటంతా గీకించి పారెయ్యండి, జాగ్రత్తగా, సుత్తి గట్టిగా కొడితే లోపలి ఇటుక కూడా ఊడొస్తాది. గోడచుట్టూ బయట అడుగున్నర లోతు కాలవ తవ్వించి కంకర నింపి నీళ్ళు బయటి డ్రైనుకి పంపండి. గోడ ఒక వేసవంతా ఆరనివ్వండి. అప్పుడు సున్నం.

సున్నం పని ఇప్పుడు తెలిసినవాళ్ళు తక్కువ, బరంపురం చుట్టుపక్కల ముసలి మేస్త్రీలు ఒకరిద్దరు ఉంటారు, గుడి పనులు చేసేవాళ్ళని అడిగితే దొరుకుతారు. కాల్చిన సున్నం రాళ్ళో, మన సముద్రం వైపు దొరికే గుల్ల సున్నమో తొట్టిలో నీళ్ళు పోసి విరగనివ్వాలి, కనీసం పదిహేను రోజులు నాననివ్వాలి, రెండు మూడు నెలలైతే ఇంకా మంచిది, పైన నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. దాన్ని జల్లెడ పట్టి ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసక, లేదా ఇసకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలిపి గానుగలో తిప్పించాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పొయ్యడం పాత పద్ధతి, మా మేస్త్రీ "ఇది లేకపోతే నాకు చెయ్యి కదలదు బాబూ" అన్నాడు, సరే అన్నాం. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు, పూత అయ్యేక గోనెపట్టాలు తడిపి వేలాడదీసి పదిరోజులు తడి ఉంచాలి. కాంట్రాక్టరు "మూడ్రోజుల్లో అయిపోద్ది, కాస్త సిమెంటు కలుపుదాం" అంటాడు చూడండి, అక్కడే వద్దని గట్టిగా చెప్పాలి.

కప్పు, దూలాలు, తుఫాను

డబ్బు తక్కువుంటే ముందు కప్పే, మిగతావన్నీ ఆగుతాయి. మన వైపు అక్టోబరు అంటే దసరా ఎంతో తుఫానూ అంతే. 1999 అక్టోబరులో సూపర్ సైక్లోన్‌కి పది పన్నెండు రోజుల ముందే గోపాలపూర్ దగ్గర ఇంకోటి కొట్టింది, 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దిగి గజపతి జిల్లాని ముంచేసింది. అందుకని కప్పు పని సెప్టెంబరు లోపు అవ్వాలి లేదా జనవరిలో మొదలెట్టాలి, మధ్యలో విప్పి ఉంచకూడదు.

దూలం బాగుందో లేదో చూడ్డానికి పెద్ద మిషనేం అక్కర్లేదు, పొడుగాటి స్క్రూడ్రైవర్ చాలు. దూలం నడుమ చూసి మోసపోవద్దు, గోడలోకి దూరిన చివర పొడవండి, పుచ్చేది ముందు అక్కడే. స్క్రూడ్రైవర్ వెన్నలోకి దిగినట్టు దిగితే ఆ చివర కోసి కొత్త చెక్క అతికించాలి, మొత్తం దూలం మార్చక్కర్లేదు. సుత్తితో తడితే డొల్ల మోత వస్తే లోపల చెదలు. చెదలకి మందు కొట్టించడం ఒక్కసారి పని కాదు, ప్రతి ఏడూ వానల ముందు చూడాల్సిందే. మా హాల్లో మద్దరాసు మిద్దె ఒక పక్క, పెంకుల కప్పు ఒక పక్క. మిద్దె అంటే టేకు వాసాల మీద చిన్న ఇటుకలు నిలువుగా ఏటవాలుగా పేర్చి సున్నం కాంక్రీటు పోసింది, దాని మీద ఎవరో తారు, దాని మీద సిమెంటు, దాని మీద వాటర్‌ప్రూఫింగు షీటు, బరువుకి వాసాలు కిందకి వంగేయి. ఆ పొరలన్నీ తీయించడమే సగం రిపేరు అయ్యింది.

పెంకులో రేకులో వేస్తే గాలికి లేచిపోకుండా కప్పు మోసే చట్రం (ట్రస్సు) గోడకి ఇనప పట్టీలతో కట్టాలి, రేకు అంచుల్లో హుక్కులు దగ్గర దగ్గరగా పెట్టించాలి, గాలి ముందు అంచుని పట్టుకునే పైకి లేపుతాది. పాత ఆస్బెస్టాస్ రేకులుంటే పగలగొట్టకుండా తడిపి, మాస్కు వేసుకుని మొత్తంగా దింపించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

బాల్కనీ ఉంటే ఇంజనీరు సర్టిఫికెట్టు లేకుండా ఒక్క మనిషిని కూడా ఎక్కించొద్దు. కుర్చీలు బిగించిన హాలుకి ఒక చదరపు మీటరుకి దాదాపు 400 కిలోల బరువు తట్టుకోవాలని లెక్క, బిగించకపోతే 500. ఇసక బస్తాలు పేర్చి ఒకరోజంతా ఉంచి దూలం ఎంత వంగిందో కొలుస్తారు. మా బాల్కనీ పాస్ అవ్వలేదు. దాన్ని మూసేసి లైట్లు పెట్టే చోటుగా వాడుతున్నాం, మనసు నొచ్చింది గానీ ఏం చేస్తాం.

తెర వెనక స్టేజీ

నాటకాల హాలు సినిమా హాలుగా మారినప్పుడు స్టేజీ ముందు ఇటుక గోడ కట్టి దాని మీద తెర కొట్టేసేవారు. ఆ గోడ వెనక పాత స్టేజీ అలాగే ఉండిపోయే అవకాశం చాలా ఎక్కువ. మేం ఒక ఇటుక తీసి టార్చి వేసి చూస్తే లోపల రంగు పరదా కర్ర, కప్పీలు, ఒక కొక్కెం, గోడ మీద బొగ్గుతో రాసిన హార్మోనిస్టుల పేర్లు. ఆ గోడని చెరపలేదు, అలాగే ఉంచి పైన గాజు పెట్టాం.

స్టేజీ నేల చెక్కదే కావాలి. సిమెంటు మీద కూచిపూడి ఆడితే ఆ పిల్ల మోకాళ్ళు పదేళ్ళలో అయిపోతాయి. వాసాల కింద రబ్బరు ముక్కలు పెట్టి పైన చెక్క పరిస్తే కాస్త ఊగుతాది, డాన్సర్లకి అదే కావాలి. కానీ తప్పెటగుళ్ళు వాళ్ళు ఎక్కి పదిహేనుమంది ఒక్కసారి గెంతినప్పుడు కూడా అదే చెక్క తట్టుకోవాలి, అందుకే వాసాలు ఒకటిన్నర అడుగు దూరం మించకుండా వేయించండి. స్టేజీ లోతు, ఎత్తు తగ్గించొద్దు. మన గంజాం ప్రహ్లాద నాటకానికి మెట్లు మెట్లుగా వేదిక కడతారు, హిరణ్యకశిపుడు పైనుంచి దిగుతాడు, పైన ఫాల్స్ సీలింగు వేసేస్తే ఆయన కిరీటం తగులుద్ది. సురభి వాళ్ళలాంటి వాళ్ళు వస్తే గాల్లో ఎగిరే సీన్లు ఉంటాయి, 1885 నుంచి ఆ కుటుంబాలు చేస్తున్న పని అది, తాళ్ళు, తీగలు కట్టడానికి కొక్కేలు కావాలి, పాత కొక్కేన్ని నమ్మొద్దు, ఇంజనీరుతో కొత్తవి వేయించి ఎన్ని కిలోలు మోస్తాదో పెయింటుతో దాని పక్కనే రాయించండి.

మేకప్ రూం, దాని పక్కన బాత్రూం, ఆడవాళ్ళకి వేరే. ఇది చెప్పక్కర్లేదనుకుంటాం, కానీ ఎన్ని హాళ్ళలో ద్రౌపది వేషం వేసినావిడ పక్కింటికి వెళ్ళాల్సొచ్చిందో నేను చూశాను. సినిమా ప్రొజెక్టరు గది పగలగొట్టకండి, లైట్లు, సౌండు ఆడించడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు.

వినపడాలి కదా

ఖాళీ హాల్లో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. మోత ఎంతసేపు ఉంటే అంత రోగం. మాటకి ఒక సెకను దగ్గర, కచేరీకి ఒకటిన్నర సెకను దగ్గర ఉంటే బావుంటాది. లెక్క సులువే, హాలు ఘనపరిమాణాన్ని ఘన మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గోడలు, పరదాలు, మనుషులు ధ్వని పీల్చుకునే మొత్తంతో (చదరపు మీటర్ల లెక్కలో) భాగిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తాది. 60 అడుగుల పొడుగు, 40 వెడల్పు, 22 ఎత్తు హాలు అంటే దాదాపు 1,500 ఘన మీటర్లు, గుణిస్తే 241. గచ్చు, సున్నం గోడలు పీల్చేది చాలా తక్కువ, అంతా కలిపి ఓ 43 అనుకోండి, ఖాళీ హాల్లో మోత అయిదున్నర సెకన్లు. మనిషి ఒక్కొక్కరు 0.45 దాకా పీలుస్తారు, 300 మంది కూర్చుంటే 135 కలిసి 1.35 సెకన్లకి దిగుతాది. పక్కల దళసరి పరదాలు 60 చదరపు మీటర్లు వేస్తే ఇంకో 30, అప్పుడు 1.16. అంటే నిండు హాలు దానంతటదే బాగుచేసుకుంటాది, బాధంతా సగం ఖాళీ హాలుతోనే. అందుకే ప్లాస్టిక్ కుర్చీలు కాకుండా మెత్త కుర్చీలు వేయండి, కుర్చీ ఖాళీగా ఉన్నా మనిషంత కాకపోయినా చాలావరకు పీల్చుకుంటాది.

కోడిగుడ్ల అట్టలు గోడకి అతికించమని ఎవరో ఒకరు చెప్తారు. వద్దు. వినికిడికి ఉపయోగం దాదాపు సున్నా, నిప్పంటుకుంటే క్షణంలో గోడంతా పాకుతాది. మా అమ్మమ్మ బొంతల్లాగా పాత బట్టలు దళసరిగా కుట్టించి, నిప్పు పట్టని మందు కొట్టించి, గోడకి రెండంగుళాలు ఎడంగా వేలాడదీస్తే చవకలో పని అవుతాది.

ఇంకోటి, పద్యనాటకం వాళ్ళకి స్టేజీ ముందు నాలుగు మైకులు పైనుంచి వేలాడదీస్తే చాలు. కాలర్ మైకులు పెడితే శ్రీకృష్ణుడు రాగం తీసినప్పుడల్లా స్పీకరు కీచుమంటాది.

కరెంటు, నిప్పు: ఇక్కడ పొదుపు చెయ్యొద్దు

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. నిప్పు పుట్టింది కింద పార్కింగులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లో, చచ్చిపోయింది పైన బాల్కనీలో పొగకి. అదనంగా సీట్లు వేసి ఒక పక్క దారి మూసేశారు, తలుపు గడియ వేసి ఉంది. కలకత్తా స్టార్ థియేటర్, 1888లో కట్టింది, 1991లో తగలబడింది, తర్వాత మళ్ళీ కట్టారు. పాత హాలు అంటే ఎండిన చెక్క, పరదాలు, దుమ్ము, అగ్గిపెట్టె లాంటిదే.

అందుకని పాత చెక్క పట్టీ వైరింగు మొత్తం పీకెయ్యండి, "ఇది ఇంకా బానే ఉంది" అనే మాట వినొద్దు. స్టేజీ లైట్లకి వేరే త్రీఫేజ్ లైను, ప్రతి లైనుకి లోడు ఎక్కువైతే పడిపోయే ఎమ్‌సీబీ, మనిషి ముట్టుకునే సాకెట్లకి షాకు కొట్టకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు హాలు బయట, జనం మీదకి పొగ రాని వైపు. పాత 1000 వాట్ల లైట్లు 24 వేస్తే 24 కిలోవాట్లు, అదే ఎల్ఈడీలు ఒక్కోటి 160 వాట్లవి వేస్తే నాలుగు కిలోవాట్ల లోపే, కనెక్షన్ లోడు తగ్గుతాది, కనీస బిల్లు తగ్గుతాది, ఆర్టిస్టులకి చెమటకి మేకప్పు కారదు. తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి, షో జరుగుతున్నంతసేపూ ఏ తలుపుకీ తాళం ఉండకూడదు. టికెట్ లేకుండా దూరుతారని వెనక తలుపుకి తాళం వేసే అలవాటు మనకి ఉంది, దానికి బదులు అక్కడ ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. సీట్లు ఎక్కువ వేద్దామనే ఆశ వస్తాది, వరసకి వరసకి మధ్య మూడడుగులు ఉంచండి, మధ్య దారిలో స్టూలు వెయ్యనివ్వకండి, ఎమ్మెల్యేగారి మనుషులొచ్చినా సరే.

స్టేజీ మీద హారతి, దీపం, కాగడాలు లేకుండా మన నాటకం లేదు. నిషేధిస్తే చాటుగా వెలిగిస్తారు. అంతకన్నా ఒక బకెట్ ఇసక, నిప్పార్పే సిలిండరు ఒకటి, దాన్ని వాడటం వచ్చిన మనిషి స్టేజీ పక్క తెరల చాటున నిలబడతాడు అని రూలు పెట్టండి.

పెళ్ళిళ్ళు

వద్దు అంటాను నేను. డబ్బులొస్తాయి, ఒక్క పెళ్ళికి వచ్చేది ఆరు నాటకాలకి రాదు. కానీ గ్యాసు పొయ్యిలు, నూనె, కుర్చీల మీద కూర, స్టేజీ చెక్కకి మేకులు, పరదాకి పువ్వులు గుచ్చిన చిల్లులు. పైగా ఫిబ్రవరి, మే నెలల్లో నాటకం వాళ్ళకి తారీఖు దొరకదు, రెండేళ్ళలో ఊళ్ళో అందరూ దాన్ని కల్యాణ మండపం అనే పిలుస్తారు. మా కమిటీలో దీని మీద గొడవైంది, చివరికి నిశ్చితార్థాలకి ఇస్తాం, వంట మాత్రం లోపల కాదు అని రాజీ పడ్డాం. నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఏం ఆడాలి, ఎవరికి ఆడాలి

మన ఊళ్ళలో ప్రేక్షకుడికి రెండు భాషలూ వచ్చు. తెలుగు ఒక్కటే పెడితే ముసలివాళ్ళు వస్తారు, మనవలు రారు, వాళ్ళు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. కాబట్టి నెలలో ఒక తెలుగు పద్యనాటకమో హరికథో, ఒక ఒడియా నాటకం, ఒక ఒడిస్సీ, ఒక కర్ణాటక కచేరీ, ఒకటి జానపదం అని కలిపి పెట్టండి. పోస్టరు రెండు లిపుల్లో వెయ్యండి, తెలుగు పైనా ఒడియా పైనా అని గొడవ రాకుండా పక్కపక్కన. చైత్రంలో దండనాట వాళ్ళు ఊరూరా తిరుగుతారు, ఆ పదమూడు రోజులూ హాలుకి ఎవరూ రారు, రెండేళ్ళకోసారి బరంపురం ఠాకురాణి యాత్ర నెలలో అయితే ఊరంతా వీధిలోనే, అప్పుడు పోటీ పడకుండా రంగులేసుకోండి, చెదలు చూసుకోండి.

శ్రీకాకుళం, విజయనగరం ట్రూపులు రైలెక్కితే సాయంత్రానికి దిగిపోతారు, పర్లాకిమిడి అయితే పాతపట్నం పక్కనే. హైదరాబాదు ట్రూపుని పిలిస్తే సెట్టు లారీ ఖర్చు ముందే అడగండి, మాకు ఒకసారి ఆర్టిస్టుల పారితోషికం కన్నా లారీ అద్దె ఎక్కువైంది.

రాత్రి పది దాటితే మైకు ఆపాలా అని అందరూ అడుగుతారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు నిషేధం గానీ మూసి ఉన్న ఆడిటోరియం లోపల వాడుకోవడానికి మినహాయింపు ఉంది. కిటికీలు తెరిచి బయటికి బాక్సు పెడితే మాత్రం లేదు. పద్యనాటకం వాళ్ళు రాత్రి ఒంటిగంట దాకా పాడతారు, కిటికీలకి దళసరి తలుపులు పెట్టించడం అందుకే మాకు ఖర్చు అనిపించలేదు.

హక్కుల సంగతి: రచయిత చనిపోయేక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటాది. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు 1950లో పోయారు, కాబట్టి తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలు ఎవరైనా ఆడుకోవచ్చు, 1953లో పోయిన బలిజేపల్లి లక్ష్మీకాంతంగారివి కూడా. కొత్త నాటకం అయితే రచయిత దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి, సినిమా పాటలు పెట్టే ప్రోగ్రాము అయితే పాటల హక్కుల సంఘం ఐపీఆర్ఎస్‌కి లైసెన్సు డబ్బు ఎవరు కడతారో అద్దె కాగితంలోనే రాయండి.

టికెట్ పెట్టండి. ఫ్రీగా ఇస్తే గౌరవం ఉండదు, మధ్యలో లేచిపోతారు. మనిషికి 500 రూపాయల దాకా నాటకం, నాట్యం టికెట్టుకి జీఎస్టీ లేదు, మనం పెట్టేది 50, 100 కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. ముందు వరసలు వీఐపీలకి ఖాళీగా ఉంచే అలవాటు మానెయ్యండి, వాళ్ళు రారు, ఆర్టిస్టు ఖాళీ కుర్చీలకి పాడాలి. మేం ఏడున్నర దాటితే ఏ కుర్చీ అయినా ఎవరిదైనా అని బోర్డు పెట్టాం.

డబ్బు ఎక్కడ్నించి

కేంద్ర సాంస్కృతిక శాఖకి నాటకశాలలు కట్టుకోడానికి, బాగుచేసుకోడానికి సాయం చేసే పథకాలున్నాయి, సంఘం రిజిస్టరై కొన్నేళ్ళ ఆడిట్ లెక్కలు ఉంటేనే చూస్తారు, అందుకే మొదటి ఏడాది నుంచే సీఏ చేత లెక్క రాయించండి. భువనేశ్వర్లో ఒడిశా సంగీత నాటక అకాడమీ ఉంది. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధి ఉంటాది, వెళ్ళి అడగండి, కానీ ఆ డబ్బు వస్తుందని నమ్మి కప్పు విప్పకండి. బొంబాయి రాయల్ ఒపెరా హౌస్ 1993లో మూతబడి 2016లో తెరుచుకుంది, సిమ్లా గేయిటీ థియేటర్ 1887 నాటిది, బాగుచేయించి 2009లో మళ్ళీ తెరిచారు. అంత ఊళ్ళకే అన్నేళ్ళు పట్టింది, మనకి దశలవారీగా చేసుకోవడమే దారి: కప్పు, తర్వాత నీళ్ళ దారి, తర్వాత కరెంటు, తర్వాత స్టేజీ. కుర్చీలకి పేర్లు అమ్మండి, "మా నాన్నగారి జ్ఞాపకార్థం" అని చిన్న ఇత్తడి రేకు, మా హాల్లో 300 కుర్చీల్లో 212 అలా వచ్చాయి. పట్టు షావుకార్లు, అప్పడాల వ్యాపారం వాళ్ళు ఇద్దరు పరదాలు ఇచ్చారు, దాని మీద పేరు రాయమన్నారు, రాయలేదు, కింద లోపలి అంచున చిన్నగా కుట్టించాం, ఒప్పుకున్నారు.

రోజూ చేసే పని

షో అయ్యేక మెయిన్ ఆపేది ఒక్కరే, ఆ మనిషి పేరు బోర్డు మీద ఉండాలి. తాళాలు రెండు జతలే, ఒకటి వాచ్‌మెన్ దగ్గర, ఇంకోటి హాలుకి నడిచి రాగలిగే దూరంలో ఉన్న కమిటీ మనిషి దగ్గర. అద్దె అడ్వాన్సు సగం ముందు, పరదాకి, చెక్కకి దెబ్బతగిలితే కోసుకునే డిపాజిట్టు వేరే. మేకులు కొట్టకూడదు అని స్టేజీ మీద మూడు భాషల్లో రాయించాం, అయినా కొడతారు, అందుకని వెనక గోడకి నిలువు చెక్కలు రెండు అదనంగా బిగించి "ఇక్కడ కొట్టుకోండి" అని రాశాం, అప్పట్నుంచి కొట్టడం అక్కడే.

నోటు పుస్తకం ఒకటి గ్రీన్‌రూంలో తాడు కట్టి పెట్టండి, వచ్చిన ప్రతి ట్రూపు ఏం బాలేదో రాసిపోవాలి. మాకు వచ్చిన మొదటి ఫిర్యాదు లైట్ల గురించో మైకుల గురించో కాదు, అద్దం మరీ ఎత్తులో ఉంది, కింద కూర్చుని మేకప్పు వేసుకునేవాళ్ళకి మొహం కనపడట్లేదు అని. మర్నాడు ఎలక్ట్రీషియన్ రాగానే రెండడుగులు కిందకి దింపించేం.